గోడ పట్టు

మా నడవలో ఉన్న స్విచ్‌బోర్డు మూడుసార్లు ఊడింది. నాలుగోసారి ఊడినప్పుడు మా అత్తయ్యగారి చేతిలోకి వచ్చేసింది.

ఏమాటకామాటే చెప్పుకోవాలి, ఇందులో ఆవిడ తప్పేం లేదు. ఎనభై రెండేళ్ళ మనిషి. కొబ్బరిపచ్చడి మిక్సీలో వేసుకుని, పనయ్యాక ప్లగ్గు లాగారు. ప్లగ్గుతో సాకెట్టూ, సాకెట్టుతో బోర్డూ, బోర్డు వెనకాల ఇనప పెట్టే, ఆ పెట్టె వెనకాల దోసెడు ఇటికపొడీ కలిసికట్టుగా బయటికొచ్చాయి. గోడలోంచి ఎర్రవీ నల్లవీ వైర్లు వేలాడుతున్నాయి. ఆవిడ ప్లగ్గు వదలకుండా అలాగే నిలబడి, "అమ్మాయ్, కాస్త ఇలా రా, గోడ నా చేతికొచ్చింది" అన్నారు, పాలవాడొచ్చాడని చెప్పినంత నిదానంగా. నేను పరుగున వెళ్ళి మెయిన్ దించేశాను. దించాక గాని కాళ్ళు వణుకుతున్నాయని తెలియలేదు.

సాయంత్రం కరెంటు పనిచేసే కుర్రాడు వచ్చి చూసి, ఆకుపచ్చ వైరు కొస పట్టుకుని చూపించాడు. ఎర్తు వైరు. పెట్టెకి బిగించి ఉండవలసింది తెగి ఉంది. బోర్డు ఊగినప్పుడల్లా కొంచెం కొంచెం నలిగి, ఎప్పుడో తెగిపోయిందిట. అంటే లోపల ఏ తీగ జారి ఆ ఇనప పెట్టెకి తగిలినా, పెట్టె అంతా కరెంటే. దాని పక్కనే మా అత్తయ్యగారు రోజూ తడిచేత్తో నిలబడతారు. ఆ రాత్రి నాకు నిద్ర పడితే ఒట్టు.

విషయం తెలిసి మా అబ్బాయి ఫోను చేశాడు. "ఇంకా ఆ పాతగోడల్ని పట్టుకుని వేలాడతారేవిటమ్మా? పడగొట్టించి మూడంతస్తులు లేపండి" అన్నాడు. మావారు నా వంక చూశారు. నేను అత్తయ్యగారి వంక చూశాను. ఆవిడ విననట్టు పత్తి తీసుకుని వత్తులు చేసుకుంటున్నారు. ఆ ఇంట్లోకి ఆవిడ పదిహేడో ఏట కోడలిగా వచ్చారు. ఒక స్విచ్‌బోర్డు నిలబడనందుకు ఇల్లు పడగొట్టడం ఏం న్యాయం, మీరే చెప్పండి.

అసలు ఎందుకు నిలబడటంలేదు? అదీ నన్ను పట్టుకున్న ప్రశ్న. మా ఇల్లు 1934లో మా మామగారి తండ్రిగారు కట్టించింది. గోడలు ఇటికలవే గాని, వాటిని కలిపి ఉంచేది సిమెంటు కాదు, గానుగ సున్నం. గుండ్రటి గాడిలో ఎద్దు రాతిచక్రాన్ని తిప్పుతూంటే సున్నమూ ఇసుకా నీళ్ళూ కలిసి వెన్నలా నలుగుతాయి. కొందరు అందులో బెల్లం నీళ్ళు పోయించేవారు, కొందరు కరక్కాయ కషాయం. పొయ్యి మీద పెట్టకపోయినా, పాళ్ళ విషయంలో మన సున్నిఉండలకున్నంత పట్టింపు దానికీ ఉండేదన్నమాట. ఈ సున్నం సిమెంటులా గబగబా గట్టిపడదు. గాలిలో ఉన్న బొగ్గుపులుసు వాయువుని పీల్చుకుంటూ నెలలూ, ఏళ్ళూ తీసుకుని మళ్ళీ రాయిగా మారుతుంది. అయినా కాస్త మెత్తదనం మిగుల్చుకుంటుంది. ఆ మెత్తదనమే దాని సుగుణం. నేలలోంచి చెమ్మ గోడలోకి పాకితే, పాకినదాన్ని బయటికి ఆవిరిగా వదిలేస్తుంది.

మరి తెగులు ఎక్కడొచ్చిందీ అంటే, ఆ వదిలే దారి మూసెయ్యడంలో వచ్చింది. మా మామగారి హయాంలో నున్నగా ఉంటుందని లోపలి గోడలకి సిమెంటు పూత పూయించారు. చెమ్మ బయటికి రాలేక లోపలే తిరిగింది. నీళ్ళతోపాటు నేలలోంచి వచ్చిన ఉప్పు, పూత వెనకాల ఇటిక ముఖంలో పేరుకుంది. ఉప్పు గడ్డకడుతూ ఉబ్బుతుంది, ఉబ్బి ఇటికని పొరలు పొరలుగా రాల్చేస్తుంది. పైన చూస్తే నున్నటి గోడ, లోపల పంచదార. దానికి తోడు 1996లో కన్సీల్డ్ వైరింగు ఫాషనని మేం ఉలీ సుత్తీ పెట్టించి గోడని కాలవలు తవ్వించాం. ఈ పాపం మాత్రం నాదీ మావారిదీ.

కుర్రాడు చేసిన మూడు మరమ్మతులూ ఇవీ. మొదటిసారి రంధ్రాలు వేసి ప్లాస్టిక్ ప్లగ్గులు దూర్చి స్క్రూలు బిగించాడు. నాలుగు నెలలు. రెండోసారి ఇంకా లావు ప్లగ్గులు, ఇంకా పొడుగు స్క్రూలు. రెండు నెలలు. మూడోసారి చుట్టూ తెల్ల సిమెంటు మెత్తాడు. అది సంక్రాంతికి మెత్తితే శివరాత్రికి ఊడింది. "గోడలో పట్టు లేదమ్మా, నేనేం చేసేది?" అన్నాడు పాపం. డబ్బులు పుచ్చుకోవడానికి కూడా మొహమాటపడ్డాడు.

ఈ ప్లాస్టిక్ ప్లగ్గులు మీరూ చూసే ఉంటారు. చిటికెనవేలు కొసంత ఉంటాయి. క్యాలెండరు మేకు నిలబడనిచోట అవే గతి. దీని పుట్టుపూర్వోత్తరాలు తెలుసుకుంటే నాకు భలే ముచ్చటేసింది. ఎందుకంటే ఇది పుట్టిందే కరెంటు సామాను గోడకి బిగించడంలో వచ్చిన ఇబ్బందిలోంచి. అదీ ఆషామాషీ గోడ కాదు. లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియం గోడ.

ఆ మ్యూజియంలో ఎన్ని దేశాల సొత్తు ఉందో మీకు తెలియనిది కాదు. మన అమరావతి శిల్పాలు కూడా అక్కడే ఉన్నాయి. నిప్పంటుకుంటుందన్న భయంతో పూర్వం అక్కడ దీపాలు వెలిగించనిచ్చేవారు కాదు. పొద్దుగూకితే, పొగమంచు కమ్మితే, తలుపులు మూసెయ్యడమే. 1879లో అక్కడి పుస్తకశాలలో విద్యుద్దీపాలు పెట్టి చూశారు. 1890కల్లా ప్రదర్శనశాలల్లోకీ కరెంటు వచ్చింది. ఇక దీపాలూ తీగలూ అంటే గోడకి ఏదో ఒకటి బిగించకుండా కుదరదు కదా.

అప్పటిదాకా గోడకి స్క్రూ బిగించాలంటే ఒకటే పద్ధతి. ఉలితో పెద్ద కన్నం తొలిచి, అందులో కొయ్యబిరడా దిగగొట్టి, ఆ కొయ్యలోకి స్క్రూ తిప్పడం. చిన్న స్క్రూకి పిడికెడంత కన్నం! చుట్టూ పెచ్చులూడితే మళ్ళీ పూత. 1911లో మ్యూజియంలో కరెంటు సామాను బిగించే పని జాన్ జోసెఫ్ రాలింగ్స్ అనే ఆయన చేతికొచ్చింది. గోడ చెడకూడదు, బిగించినట్టు పెద్దగా కనబడకూడదు. ఆయన బుర్ర పెట్టి, జనపనారని గొట్టంలా చేసి, జంతువుల నెత్తురుతో చేసిన జిగురుతో గట్టిపరిచి ఒక చిన్న బిరడా తయారుచేశాడు. సన్నటి రంధ్రం చాలు. బిరడా దూర్చి స్క్రూ తిప్పితే, నార ఉబ్బి, రంధ్రం గోడల్ని అన్నివైపులా నొక్కి పట్టుకుంటుంది. రాలింగ్స్ పేరు మీదే దానికి రాల్‌ప్లగ్ అని పేరొచ్చింది, 1919లో కంపెనీకీ అదే పేరు పెట్టారు. ఆ రోజుల్లో బ్రిటను మిల్లులకి వెళ్ళే జనపనార ఇంచుమించు అంతా మన బెంగాల్‌దే. అంచేత మ్యూజియంలో మనవాళ్ళు చెక్కిన రాళ్ళే కాదు, మనవాళ్ళు పండించిన నార కూడా గోడల్లో ఉండి ఉంటుందని నేననుకుంటాను.

నారకి బదులు నైలాను పెట్టినాయన జర్మనీలో ఆర్థర్ ఫిషర్. 1958లో. ఈయన కథ తల్లులకి నచ్చుతుంది. తాళాలు బాగుచేసే పని నేర్చుకున్న మనిషి. 1949లో తన పసిపాపకి ఇంట్లో ఫోటో తీయిద్దామంటే వెలుతురు చాలలేదు. అప్పటి ఫ్లాష్‌పొడి నిప్పంటించి భగ్గుమనిపించాలి, పిల్లల దగ్గర అదెలా కుదురుతుంది? దాంతో కెమేరా మీట నొక్కగానే దానంతటదే వెలిగే ఫ్లాష్ కనిపెట్టాడు. తర్వాత ఈ గోడప్లగ్గు. ఆ తర్వాత పిల్లల బొమ్మలు. 2016లో పోయేనాటికి ఆయన పేరు మీద వెయ్యికి పైగా పేటెంట్లున్నాయి. మనం క్యాలెండరు తగిలించుకునే ప్రతి గోడలోనూ ఆయనో రాలింగ్సో ఉన్నారన్నమాట.

అయితే ఇక్కడే నాకు మా గోడ రోగం అర్థమైంది. ఈ ప్లగ్గు పట్టుకోవడమంటే లోపల్నుంచి నొక్కడమే. నొక్కితే ఎదురు నిలిచే గోడయితేనే దానికి పట్టు. మ్యూజియం గోడ నిలుస్తుంది. మా గోడని నొక్కితే నలుగుతుంది. ఎంత లావు ప్లగ్గు పెడితే అంత ఎక్కువ నలుగుతుంది. పైగా గుల్లగా ఉన్న ఇటికని సుత్తిలా కొట్టుకుంటూ తిరిగే డ్రిల్లు పెట్టి అదరగొడితే మిగిలిన పట్టూ పోతుంది. కుర్రాడి తప్పూ లేదు, ఫిషర్‌గారి తప్పూ లేదు.

ఇలా నేను పరిశోధనలో ఉండగా మేస్త్రి వచ్చాడు. ఇటికపని చేసే ముసలాయన. బోర్డు ఊడిన కన్నాన్ని పాత స్క్రూడ్రైవరుతో గీకడం మొదలుపెట్టాడు. గీకిన కొద్దీ రాలుతోంది. అరచెయ్యంత కన్నం కాస్తా బొండాం అంత అయింది. నా గుండెల్లో రాయి పడింది. "ఆపవయ్యా, అవతలి గదిలోకి పోతావు" అన్నాను. "కంగారుపడకండమ్మా, చచ్చినదంతా రానివ్వండి, బతికున్నది దానంతటదే ఆగుద్ది" అని పిడితో గోడని తట్టి చూపించాడు. డొల్లచోట ఒక చప్పుడు, గట్టిచోట ఒక చప్పుడు. మనం కొబ్బరికాయ తట్టి చూసుకోమూ, అలాగే.

అలా గీకుతూంటే కన్నం పక్కన ఏదో అడ్డం తగిలింది. ఎంత పొడిచినా కదలదు. మట్టి ఊదితే తేలింది, నల్లటి చదరపు కొయ్యముక్క. చుట్టూ ఉన్న ఇటికంతా రాలిపోయినా, అది మాత్రం తన చుట్టూ బిళ్ళలా సున్నం కప్పుకుని నిక్షేపంలా కూర్చుని ఉంది. నేనూ కుర్రాడూ నోరు తెరిచి చూస్తున్నాం. అత్తయ్యగారు మాత్రం మంచం మీద నుంచే, "గుమ్మాల టేకు అయ్యుంటుంది" అన్నారు.

అప్పుడు చెప్పుకొచ్చారు. మాచ్‌ఖండ్ జలవిద్యుత్తు 1955లో మొదలయిందా, ఆ తర్వాత కొన్నేళ్ళకి మా ఊరికి స్తంభాలు వచ్చాయి. పట్నాల్లో కరెంటు అప్పటికే పాతబడింది. కలకత్తాలో 1879లోనే వెలిగించి చూపించారు, 1899 నుంచి ఇళ్ళకీ వీధులకీ అమ్మారు. హైదరాబాదులో నిజాం ప్రభుత్వం 1910లోనే విద్యుత్తు శాఖ పెట్టింది. మా ఊళ్ళో మాత్రం అదే మొదటిసారి. వైరింగుకి వచ్చినవాళ్ళు గోడల మీద సన్నటి టేకు బద్దలు పరిచి, వాటి మీద తీగలు పరిచి, రేకు క్లిప్పులతో నొక్కారట. స్విచ్చి కింద గుండ్రటి చెక్క, నల్ల బేకలైటు స్విచ్చి. ఆ బద్దలు నిలబడాలంటే గోడలో కొయ్యబిరడాలు కావాలి. ఇంట్లో మంచి కొయ్య ఏదైనా ఉందా అని అడిగితే, గుమ్మాలకి కొన్నప్పుడు మిగిలిన టేకుముక్కలు మా మామగారి తండ్రిగారు అటకమీంచి తీయించారుట. "దినవంతా కూచుని ముక్కలు చెక్కారు. ఒకవైపు లావు, ఒకవైపు సన్నం. సన్నంవైపు లోపలికి కొట్టాలి కదా అని నేననుకుంటే, లావువైపు లోపల పెట్టారు. వీళ్ళకేం పని తెలీదనుకున్నాను" అని నవ్వారు.

పని తెలుసు. అదే కిటుకు! సన్నటి మూతి, లావు కడుపు. మన కూజాలో చెయ్యి పెట్టి గుప్పెడు శనగలు పట్టుకున్న కోతి కథలా, ఆ ముక్క బయటికి రావాలంటే దానికన్నా సన్నటి దారిలోంచి రావాలి. గోడని నొక్కి కాదు, తన ఆకారంతోనే అది నిలబడుతుంది. లాగిన కొద్దీ ఇంకా బిగుస్తుంది. ఇదేదో పల్లెటూరి వైరింగువాళ్ళ సొంత తెలివీ కాదు. మన దేశపు వైరింగు నియమావళిలో, ఐ.ఎస్. 732 అంటారు, ఇది కొలతలతో సహా రాసి ఉంది. బాగా ఆరిన టేకు గాని, మరో చేవ కర్ర గాని, 5 సెంటీమీటర్లకి తగ్గని పొడుగు. లోపలి కొస రెండున్నర సెంటీమీటర్ల చదరం, బయటి కొస రెండు సెంటీమీటర్ల చదరం. గోడ ముఖానికి ఆరున్నర మిల్లీమీటర్లు లోపలికి ఉండేట్టు సిమెంటుతో కూర్చి, పైన పూత పూయాలి. అర సెంటీమీటరు తేడా! ఆ అర సెంటీమీటరే అరవై ఏళ్ళ పైచిలుకు మా గోడలో కూర్చుంది. మేం దాని పక్కనే మూడుసార్లు ప్లాస్టిక్ దూర్చుకున్నాం.

మర్నాడు పని మొదలయింది. మెయిన్ దించి, వైర్ల కొసలకి టేపు చుట్టాడు కుర్రాడు. కన్నంలో పొడి అంతా కుంచెతో దులిపించాం. మూలల్లోది రాకపోతే మావారి సైకిలు పంపు తెచ్చి ఊదాను. ఇది నా సొంత తెలివి, చెప్పుకోకపోతే ఎలా? తర్వాత నీళ్ళు చిలకరించడం. పొడి ఇటిక ఎండాకాలం ఆవులా తాగుతుంది. మొదట దాని దాహం తీర్చకపోతే, మనం పెట్టే సున్నంలో నీళ్ళన్నీ లాగేసుకుని దాన్ని పొడిపొడిగా వదిలేస్తుంది. మా మూడో మరమ్మతు ఊడింది ఇందుకే కాబోలు.

ఒట్టి సిమెంటు వద్దన్నాడు మేస్త్రి. మెత్తటి గోడలో గట్టి గడ్డ పెడితే, ఎప్పటికైనా ఆ గడ్డ గడ్డగానే విడిపోతుందిట. ఒక పాలు సిమెంటు, ఒక పాలు సున్నం, ఆరు పాళ్ళు ఇసుక కలిపాడు. అందులో ఇటికముక్కలు కూరుతూ కన్నం వెనకభాగం నింపాడు. ఈలోగా కుర్రాడు, అత్తయ్యగారు చూపించిన కొలతలకి రెండు టేకుముక్కలు చెక్కాడు. లావువైపు లోపల పెట్టి వాటిని ఆ ముద్దలో కూర్చారు. వాటి ముఖాలు పెట్టె వెనక్కి సరిగ్గా ఆనాలి, మట్టం చూసి నిలబెట్టాలి. ఇక్కడ మాత్రం ఇద్దరికీ పావుగంట తగువు. ఒకడిది వంకరంటాడు, ఇంకొకరిది కళ్ళజోడు వంకరంటాడు. పాత కొయ్యని కదపలేదు, దాని పక్కనే ఉండనిచ్చారు.

ఇక వారంరోజులు ముట్టుకోకూడదన్నారు. రోజుకి రెండుసార్లు చెంబుతో తడపడం నా వంతు. మిక్సీ లేదు కనక పచ్చళ్ళన్నీ రోట్లోనే. రెండోనాటికే నా భుజాలు నొప్పెట్టాయి గాని, దోసకాయ పచ్చడి మాత్రం అమోఘంగా కుదిరింది. మావారు నాలుగోసారి వడ్డించుకుంటూ, ఇంకో వారం తడిపితే ఇంకా గట్టిపడుతుందేమో కనుక్కోమన్నారు.

అన్నట్టు, ఆ వారంలోనే ఇంకొకావిడ సంగతి తెలిసింది, చెప్పకుండా ఉండలేను. కెరోలిన్ హాస్లెట్ అని ఇంగ్లండులో ఒక ఇంజనీరు. ఆడవాళ్ళకి కరెంటు సంగతులు నేర్పడానికి 1924లో పెట్టిన సంఘాన్ని ఆవిడే నడిపింది. యుద్ధం ముగిశాక కట్టబోయే ఇళ్ళకి వైరింగు ఎలా ఉండాలో తేల్చడానికి 1942లో ఒక కమిటీ వేశారు. ఇరవైమంది సభ్యులు, అందులో ఆడమనిషి ఈవిడొక్కర్తే. పిల్లలు సాకెట్టు కన్నాల్లో వేళ్ళూ పుల్లలూ పెడతారనీ, ప్లగ్గు లేనప్పుడు కన్నం మూసుకుని ఉండాలనీ గట్టిగా చెప్పినావిడ ఈవిడే. 1947లో వచ్చిన ఇంగ్లండు ప్లగ్గూ సాకెట్టూ ఆ ప్రకారమే తయారయ్యాయి. మన గుండ్రటి మూడుకాళ్ళ ప్లగ్గు అంతకుముందటి ఇంగ్లండు ప్లగ్గు సంతానం. వాళ్ళు వదిలేసినా మనం అట్టేపెట్టుకున్నాం. కన్నం మూసే రెప్ప మాత్రం ఇప్పుడు మన సాకెట్లలోనూ దొరుకుతోంది. అలాంటిదే తెమ్మన్నాను కుర్రాణ్ణి. వేసంగి సెలవులకి మనవలొస్తారు. హాస్లెట్ 1957లో పోయింది. తన దహనం కరెంటుతోనే జరగాలని వీలునామాలో రాసుకుందిట. అత్తయ్యగారికి చెబితే కాసేపు ఊరుకుని, "గట్టి మనిషి" అన్నారు.

ఎనిమిదోరోజు కుర్రాడు వచ్చాడు. టేకుముక్కల్లో ముందుగా సన్నటి రంధ్రం వేసి, పెట్టె వెనకనుంచి రెండు స్క్రూలు వాటిలోకి బిగించాడు. చుట్టూ సందులన్నీ మేస్త్రి మళ్ళీ అదే ముద్దతో పూడ్చాడు. ఎర్తు వైరు కొత్తది లాగి పెట్టెకి బిగించి, నన్ను పిలిచి మరీ చూపించాడు. అది ఆరాక బోర్డు పెట్టి, ప్లగ్గు గుచ్చి, "లాగండమ్మా" అన్నాడు. లాగాను. ప్లగ్గు ఒక్కటే వచ్చింది. నమ్మకం చాలక ఇంకోసారి గుచ్చి లాగాను. మావారు లాగారు. మేస్త్రి అక్కర్లేదన్నట్టు బీడీ కోసం బయటికెళ్ళిపోయాడు.

చీకటి పడ్డాక అత్తయ్యగారు వచ్చి స్విచ్చి వేశారు. దీపం వెలగగానే, అరవై ఏళ్ళుగా చేస్తున్నట్టే, చేతులు జోడించి కళ్ళకద్దుకున్నారు. తర్వాత బోర్డు దగ్గరికెళ్ళి వేలితో చుట్టూ తట్టి, చెవి పెట్టి విన్నారు.

వచ్చే నెల వంటింటి బోర్డు. దానికి టేకు ఎక్కణ్ణుంచి తెస్తాడో అని కుర్రాడు గొణుగుతూంటే, ఆవిడ కొట్టుగదిలో విరిగిపోయి పడున్న ఉయ్యాల బల్ల వైపు చూపించారు.